రోజారమణి కంప్యూటర్‌కు పట్టిన పీడ

సూళ్లూరుపేటలో రైల్వే గేటు నుంచి బజారుకు వచ్చే దారిలో, టిఫిన్ బండికీ మందుల షాపుకీ మధ్య ఇరుకుగా ఒక గది ఉంది. పైన 'రోజా ఆన్‌లైన్ సెంటర్' అని బోర్డు. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక జిరాక్స్ మిషను, గోడకు ఆనించి ప్లాస్టిక్ కుర్చీలు. ఆ గదికి యజమానీ, గుమాస్తా, పొద్దున్నే చీపురు పట్టే మనిషీ అన్నీ రోజారమణే.

రోజారమణి పుట్టింది పులికాట్ సరస్సు ఒడ్డున, కుప్పం అని పిలిచే ఒక జాలర్ల పల్లెలో. నాయన కామాక్షయ్య పడవ మీద రొయ్యలకూ పీతలకూ పోయేవాడు. అమ్మ నాగులమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని సూళ్లూరుపేట మార్కెట్‌కు వచ్చేది. బుట్ట ఖాళీ అయ్యే దాకా కూతుర్ని ఎదురుగా ఉన్న డీటీపీ షాపు మెట్ల మీద కూర్చోబెట్టేది. ఆ మెట్ల మీద కూర్చుని, లోపల తెర మీద అక్షరాలు పెద్దవవడం, చిన్నవవడం, రంగులు మారడం చూస్తూ పెరిగిన పిల్లకు వేరే పని మీద మనసు పోలేదు. ఇంటరు కాగానే అదే షాపులో పనికి కుదిరింది. పెళ్లి పత్రికలు, జాతర కరపత్రాలు, నిర్యాణ వార్తలు, పార్టీ వాళ్ల ఫ్లెక్సీలు అన్నీ నేర్చుకుంది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే పెంచల్‌తో పెళ్లయ్యాక సొంతంగా ఈ గది తీసుకుంది.

షాపు నిలబడింది మాత్రం ఆమె కంప్యూటరు పనితనం వల్ల కాదు. అంతకంటే బాగా చేసేవాళ్లు బజారులో ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. రోజారమణి షాపులో ఆడవాళ్లు జంకు లేకుండా కూర్చుంటారు. కాలేజీ పిల్లల్ని తల్లిదండ్రులు ఒంటరిగా పంపిస్తారు. కుప్పం నుంచి వచ్చిన ముసలమ్మ పింఛను కాగితం ఎట్టా పట్టుకోవాలో తెలియక నిలబడితే, "ఇట్టా కూర్చో అత్తా, నీళ్లు తాగు ముందు" అంటుంది. ఆ మాట కోసమే వచ్చేవాళ్లున్నారు.

అట్లాంటి షాపులో పీడ ఎండాకాలం మొదట్లో చేరింది.

మొదట ఆమె దాన్ని పీడ అనుకోలేదు. ఒకరోజు పొద్దున బ్రౌజర్ తెరిస్తే రోజూ కనిపించే పేజీ బదులు ఇంకేదో వెతికే పేజీ వచ్చింది. పేరు కొత్తది, పైన ఒక భూతద్దం బొమ్మ. ఏదో అప్‌డేట్ అయి ఉంటుందిలే అనుకుంది. తర్వాత తెర కింద కుడి మూలన చిన్న చిన్న డబ్బాలు రావడం మొదలైంది. ఒకటి లాటరీ తగిలిందంటుంది, ఒకటి వైరస్ చేరిందంటుంది, ఇంకొకటి వారంలో పొట్ట తగ్గిస్తానంటుంది. అది హాల్ టికెట్ల కాలం. ఎదురుగా పిల్లలు వరసలో నిలబడి ఉంటే ఆమెకు వాటి సంగతి చూసే తీరికెక్కడిది? చేపల బుట్ట మీద ఈగల్ని తోలినట్టు, వచ్చినదాన్ని వచ్చినట్టు మూసేస్తూ పనిచేసుకుపోయింది.

ఈగలు పోలేదు. కంప్యూటరు నెమ్మదించింది. రైలు టికెట్టు కోసం వెతికితే అసలు సైటుకు బదులు దానిలాగే ఉండే మరొకటి ముందు వచ్చేది. ఒకసారి అందులో సగం వివరాలు కొట్టాక అక్షరాల తేడా చూసి ఆగిపోయింది. అప్పుడైనా మేలుకోవలసింది. వెనక్కి వచ్చి, అసలు సైటు పేరు తనే టైపు చేసి, టికెట్టు తీసిచ్చి, ఆ విషయం మరిచిపోయింది.

నాయుడుపేట వైపు నుంచి పద్మనాభయ్య అనే రైతు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చిన రోజు అసలు దెబ్బ తగిలింది. పిల్ల పేరు రేవతి. నర్సింగ్ కోర్సుకు దరఖాస్తు పెట్టాలి. పద్మనాభయ్య వరి పండించే మనిషి, మాట తక్కువ, పరువు ఎక్కువ. తెల్లటి పంచె నలగకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు. రేవతి రోజారమణి పక్కన కూర్చుని మార్కుల వివరాలు చెబుతోంది. వెనకాల ఇద్దరు ఆడవాళ్లు జిరాక్స్ కోసం నిలబడి ఉన్నారు.

రోజారమణి 'తర్వాత' అన్న బొత్తాం నొక్కింది. దరఖాస్తు పేజీ పోయి, తెరంతా నిండుగా ఒక బొమ్మ వచ్చింది. ఆడపిల్ల పక్కన కూర్చుని చూసే బొమ్మ కాదు అది. దాని కింద ఏవేవో రాతలు. మూసేద్దామని మూలన గుర్తు మీద నొక్కితే అట్లాంటిదే ఇంకొకటి తెరుచుకుంది. చివరికి తెర స్విచ్చే ఆపేసింది.

రేవతి తల వంచుకుని దుపట్టా కొస మడతపెడుతోంది. పద్మనాభయ్య లేచాడు. బల్ల మీది సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తీసి సంచిలో పెట్టుకున్నాడు.

"అన్నా, అది నేను పెట్టింది కాదన్నా. ఏదో యాడ్ అది, దానంతట అదే వస్తా ఉండాది," అంది రోజారమణి.

"దానంతట అదే ఎట్టా వస్తాదమ్మా?" అన్నాడు ఆయన. గొంతు పెంచలేదు. "మంచి షాపని చెప్తే వచ్చినాం. పద రేవతమ్మా."

వాళ్లు వెళ్లిపోయారు. జిరాక్స్ కోసం నిలబడ్డ ఇద్దరిలో ఒకామె "మళ్లీ వస్తాంలేమ్మా" అంటూ కాగితాలు వెనక్కి తీసుకుంది. రెండో ఆమె ఆ మాట కూడా అనలేదు.

ఆ సాయంత్రానికి టిఫిన్ బండి దగ్గర ఆ మాట ఉంది. మర్నాటికి బజారంతా ఉంది. ఎవరూ ఆమె ముఖం మీద ఏమీ అనలేదు గానీ, కాలేజీ పిల్లలు మందుల షాపు దాకా వచ్చి అటు నుంచి అటే తిరిగిపోవడం రోజారమణికి కనబడుతూనే ఉంది.

ఇంట్లో పెంచల్ అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. తర్వాత అడిగాడు.

"ఆ కంప్యూటర్ కాడ నువ్వు కాక ఇంకెవురు కూర్చుంటా ఉండారు?"

"ఎవురూ కూర్చోరు." ఆ మాట అనగానే ఆమెకు గుర్తొచ్చింది. "మధ్యాహ్నం నేను అన్నం తినేటప్పుడు యెహోషువ కూర్చుంటాడు. పాటలు కొట్టుకుంటాడు."

"ఇంకేంది మరి," అన్నాడు పెంచల్.

యెహోషువ ముప్పై అయిదేళ్ల మనిషి. ఒక గోదాములో కాపలా పని. చర్చిలో పాటలు పాడతాడు, అందరికీ పంచే పాటల కాగితాలు తనే టైపు చేస్తాడు. రోజారమణి వెనక గదిలో క్యారియరు విప్పుకునే వేళకు వచ్చి, రెండు వేళ్లతో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టి, ప్రింటు తీసుకుని పోయేవాడు. ఆమె వచ్చేసరికి కుర్చీ సరిగ్గా జరిపి ఉండేది. ఇన్నాళ్లలో అతని వల్ల ఒక్క ఇబ్బంది లేదు. అయినా పెంచల్ ఆ మాట అన్నాక, ఆ రాత్రంతా ఆమె మనసు అతని చుట్టూనే తిరిగింది. అంత నెమ్మదిగా ఉండేవాళ్లనే నమ్మకూడదేమో అనిపించింది. నింద మోస్తున్న మనిషికి దాన్ని దించుకోవడానికి ఇంకో భుజం దొరికితే చాలు.

మర్నాడు మధ్యాహ్నం యెహోషువ మామూలుగానే వచ్చాడు. చేతిలో పాటల పుస్తకం.

"నువ్వింక కంప్యూటర్ ముట్టుకోబాకు," అంది రోజారమణి గడప దగ్గరే.

"ఏమైందక్కా?"

"ఏమైందో నీకు తెలియదా? నేను అటు పోంగానే నువ్వేం చూస్తా ఉండావో గానీ, నా షాపు పరువు పోయింది. ఆడపిల్లలు వచ్చే చోటు ఇది."

యెహోషువకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక అతని ముఖం నల్లబడింది. టిఫిన్ బండి దగ్గర తింటున్నవాళ్లు చేతులు ఆపి ఇటే చూస్తున్నారు.

"నేను పాటలు తప్ప ఏం చూళ్లేదక్కా," అన్నాడు.

"సరేలే. పో."

అతను పుస్తకం చంకలో పెట్టుకుని రైల్వే గేటు వైపు నడిచి వెళ్లాడు. రోజారమణి లోపలికి వచ్చి కూర్చుంది. ఇక పీడ వదిలిందనుకుంది. సరిగ్గా అప్పుడు తెర ఎర్రబడి, సైరను లాంటి మోత మొదలైంది. 'మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఆపివేయవద్దు, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలు.

భయంలో ఆమె ఆ నంబరుకు ఫోన్ చేసింది. అవతల ఒక మగ గొంతు, పుస్తకంలోంచి చదివినట్టు తెలుగు.

"మేడమ్, మీ సిస్టం హ్యాక్ అయింది. నేను ఒక యాప్ పేరు చెప్తాను, ఇన్‌స్టాల్ చేసి అందులో వచ్చిన నంబరు నాకు చెప్పండి. ఇక్కడి నుంచే బాగుచేస్తాను."

"చెప్తే ఏమైతాది?"

"మీ సిస్టం మాకు కనబడుతుంది మేడమ్. తొందరగా చెయ్యండి, లేకపోతే ఫైల్స్ అన్నీ పోతాయి."

కనబడుతుంది అన్న మాట దగ్గర ఆమె ఆగింది. ఆ పెట్టెలో ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలున్నాయి, పెళ్లి పత్రికలకు ఇచ్చిన ఆడపిల్లల ఫొటోలున్నాయి, కుప్పం పడవల కాగితాలున్నాయి. ఎవడో ఊరూ పేరూ తెలియనివాడికి అవి ఎందుకు కనబడాలి? "నువ్వు ఏ ఊరబ్బాయా?" అని అడిగింది. అతను జవాబు చెప్పకుండా మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. రోజారమణి ఫోన్ పెట్టేసి, కంప్యూటరుకు వచ్చే నెట్ వైరు ఊడబెరికింది. మోత ఆగింది.

వైరు చేతిలో పట్టుకుని ఆమె అట్లాగే నిలబడిపోయింది. ఇప్పుడు యెహోషువ ఇక్కడ లేడు. మరి ఇది ఎట్లా వచ్చింది?

వాళ్ల వీధి చివర ఆనందబాబు అని ఒకతను ఉంటాడు. తడ దగ్గర కంపెనీలో ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే పని. రోజూ బస్సులో పోయి చీకటి పడ్డాక వస్తాడు. అతని పెళ్లి పత్రిక రోజారమణే వేసింది. ఆమె పోయి అడిగితే సెలవు రోజు పొద్దున వచ్చి చూస్తానన్నాడు. అప్పటిదాకా నెట్ పెట్టొద్దని, ఏ బొత్తామూ నొక్కొద్దని చెప్పాడు.

చెప్పిన రోజున వచ్చాడు. వస్తూనే ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తను పక్కన స్టూలు లాక్కున్నాడు.

"నువ్వే చెయ్యక్కా. నేను చేసి పోతే, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ నన్నే పిలవాల."

"మొత్తం తుడిచేసి కొత్తగా వేసేయొచ్చు గదా, ఆనందూ? ఈ దరిద్రం నాకు చూడబుద్ధి కావడంలేదు."

"వేయొచ్చు. ఏం చేసినా పోకుంటే అప్పుడు అదే చేద్దాం. ముందు అందరి ఫైళ్లూ కాపీ పెట్టుకుందాం. ఇది పెద్ద వైరస్ కాదక్కా. ప్రకటనలు చూపించి సంపాదించుకునే రకం. బ్రౌజర్ని పట్టుకుని, నువ్వు పోయే దోవ తిప్పుతాది. ఇది ఒంటరిగా రాదు. ఎవురో ఒకరు తలుపు తీస్తేనే వస్తాది."

ఫైళ్ల కాపీ అయ్యాక, కంప్యూటరులో ఉన్న ప్రోగ్రాములన్నీ కనబడే చోటికి తీసుకెళ్లాడు. వాటిని పేర్ల వరసలో కాక, చేరిన తేదీల వరసలో పెట్టమన్నాడు. ఆమె పెట్టింది. పైకి నాలుగు పేర్లు వచ్చాయి. ఒకటి ఫాంటు మార్చేది. ఒకటి వాతావరణం చెప్పేదట. ఒకటి కంప్యూటరును శుభ్రం చేసేదట. నాలుగోదానికి అర్థంపర్థం లేని పేరు. నాలుగింటికీ ఒకే తేదీ.

"ఈ రోజు ఏం జరిగిందో గుర్తుందా?" అన్నాడు ఆనందబాబు.

ఆమె గోడ మీది క్యాలెండరు చూసింది. ఆ తేదీ ఆదివారం.

ఆదివారం యెహోషువ బజారు వైపే రాడు. పొద్దున చర్చి, ఆ తర్వాత పల్లెల్లో ప్రార్థనలు. ఆ రోజు షాపులో ఉన్నది తనొక్కతే. ఆమెకు అప్పుడు అంతా వరసగా గుర్తొచ్చింది. ఏదో ఊరి జాతర కమిటీవాళ్లు వచ్చి బల్ల చుట్టూ మూగారు. పోయినేటి కరపత్రం పాత డీటీపీ ఫాంటులో ఉంది, అదే మాటర్ ఫోన్‌లో పంపుకునేట్టు కావాలన్నారు. పాత ఫాంటును ఏ ఫోన్‌లోనైనా కనబడే యూనికోడ్‌కు మార్చేది ఉచితంగా ఏదైనా దొరుకుతుందేమోనని వెతికింది. ఒక పేజీ దొరికింది. దాని నిండా ఆకుపచ్చ రంగులో 'డౌన్‌లోడ్' బొత్తాలు. అన్నిటికంటే పెద్దది నొక్కింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి ప్రశ్నకూ చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ అని కొట్టుకుంటూ పోయింది. మనిషివో కాదో తెలియాలంటే 'అలౌ' నొక్కు అని ఒక డబ్బా వస్తే, అదీ నొక్కింది. కమిటీవాళ్లు సంతోషంగా వెళ్లారు.

"నేనే," అంది రోజారమణి. "తలుపు తీసింది నేనే."

ఆనందబాబు ఆ మాటను అంతగా పట్టించుకోలేదు. అతనికి అది రోజూ చూసే సంగతి. "ఆ పెద్ద బొత్తామే ప్రకటన అక్కా. అసలు బొత్తాం ఎక్కడో మూలన చిన్నగా ఉంటాది. సరే, తీసేద్దాం."

ఒక్కోదాన్నీ తీసేస్తుంటే అవి కూడా తిప్పలు పెట్టాయి. 'నిజంగా వెళ్లమంటారా?' అని ఒకటి ఏడుపు బొమ్మ చూపించింది. అందులో 'ఉంచు' అన్నది పెద్దగా, రంగుగా ఉంది. 'తీసేయి' అన్నది కనీ కనబడకుండా బూడిద రంగులో ఉంది. రోజారమణి ఇప్పుడు ప్రతి ముక్కా చదివి గానీ నొక్కడంలేదు. తర్వాత బ్రౌజర్‌లో తగిలించి ఉన్న ఎక్స్‌టెన్షన్లు చూశారు. తను పెట్టనివి రెండున్నాయి, తీసేసింది. నోటిఫికేషన్లు పంపడానికి అనుమతి ఉన్న సైట్ల వరస చూస్తే, ఎప్పుడూ వినని పేర్లు బోలెడున్నాయి. మూలన వచ్చే ఆ డబ్బాలన్నీ అక్కడి నుంచే. అన్నిటికీ అనుమతి తీసేసి, ఇకమీదట ఎవరూ అడగనే కూడదని పెట్టింది. హోం పేజీ, వెతికే పేజీ మునుపటివే పెట్టింది.

కంప్యూటరు ఆపి మళ్లీ వేసి, నెట్ వైరు పెట్టారు. బ్రౌజర్ తెరిస్తే మళ్లీ అదే భూతద్దం బొమ్మ.

రోజారమణికి ఏడుపొచ్చింది. "చూసినావా? చావలేదు."

"ఉండక్కా, గమ్మునుండు. ఇది నువ్వు రోజూ నొక్కే బొమ్మలోనే దూరినట్టుండాది." తెర మీద బ్రౌజర్ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి వివరాలు తెరవమన్నాడు. బ్రౌజర్ పేరు తర్వాత, చివరన ఆ పాడు సైటు చిరునామా అతికించి ఉంది. బొమ్మ నొక్కినప్పుడల్లా నేరుగా అక్కడికే పోతోందన్నమాట. ఆ బొమ్మను తీసేసి కొత్తది పెట్టారు. పేరున్న ఒక తనిఖీ సాఫ్ట్‌వేర్‌ను దాని సొంత సైటు నుంచే దించి, కంప్యూటరంతా వెతికించారు. అది పొద్దుటిపూటంతా నడిచి, ఇంకా మిగిలిన ముక్కల్ని పట్టుకుంది. మూడుసార్లు ఆపి వేసినా భూతద్దం మళ్లీ రాలేదు.

పోయే ముందు ఆనందబాబు ఆమె ఫోన్‌లోంచే పాస్‌వర్డులన్నీ మార్పించాడు. కంప్యూటరులో రోజువారీ పనికి వేరే ఖాతా పెట్టించాడు. అందులో ఏదైనా కొత్త ప్రోగ్రాం చేరాలంటే పాస్‌వర్డు అడుగుతుంది.

"తొందరలో నొక్కినా, అది ఒకసారి నిన్ను ఆపతాది," అన్నాడు. "ఇంకొకటి. రోజూ పోయే సైట్లు వెతుక్కోబాకు. ఒకసారి సరిగ్గా కొట్టి దాచిపెట్టుకో. వెతికితే ముందు వచ్చేవి డబ్బులిచ్చి ముందు కూర్చున్నవి."

కంప్యూటరు బాగుపడింది. రోజారమణి మాత్రం ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. పెంచల్‌తో జరిగింది చెప్పింది.

"అయితే ఆయన్ని పిలిచి, రేపటి నుంచి రమ్మని చెప్పు," అన్నాడు పెంచల్.

"నలుగుర్లో అన్నాను. పిలిచి చెప్తే సరిపోదు. నేనే పోవాల."

యెహోషువ ఇల్లు రైల్వే లైను అవతల. ఆమె వెళ్లేసరికి అతని భార్య ఫ్లోరా వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఫ్లోరా ఆస్పత్రిలో నర్సు. రోజారమణిని చూసి, కూర్చోమనలేదు.

"ఆయన ఉండాడా?"

"ఉండాడు. ఇంకేమన్నా మిగిలిందా అనడానికి?"

యెహోషువ లోపలి నుంచి వచ్చాడు. రోజారమణి దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు మరిచిపోయింది. "తప్పు నాది యెహోషువా," అంది. "నేనే ఏదో డౌన్‌లోడ్ చేసినాను. దాంతో వచ్చిందంట. ఆ రోజు ఆదివారం. నువ్వు షాపు పక్కకే రాలా. చూసుకోకుండా నీ మీద వేసినాను."

ఫ్లోరా చేతిలోని చొక్కా పిండుతూ నిలబడింది.

"అడిగుంటే చెప్పేవాణ్ణక్కా," అన్నాడు యెహోషువ. "నువ్వు అడగలా. చూసినావని అన్నావు. ఆ బండి కాడ తింటా ఉండినవాళ్లు మా చర్చికే వస్తారు. పోయిన వారం పాట ఎత్తుకోను లేస్తే, అందరూ నన్నే చూస్తా ఉన్నట్టు అనిపించింది. పాడలా, కూర్చున్నా."

"ఆ బండి కాడే చెప్తాను, అందరి ముందరా," అంది రోజారమణి.

"నువ్వు చెప్పడం నీ ఇష్టం," అంది ఫ్లోరా. అప్పుడు మాత్రం గొంతు కొంచెం మెత్తబడింది. "ఎండలో వచ్చినావు. మజ్జిగ తాగి పో."

రోజారమణి ఆ మాట నిలబెట్టుకుంది. టిఫిన్ బండి దగ్గర రద్దీగా ఉన్న పూట చూసి, యెహోషువ తప్పేమీ లేదని, తనే తెలియక ప్రకటనల పురుగును లోపలికి తెచ్చిపెట్టుకున్నానని పైకి వినబడేట్టు చెప్పింది. ఒకరిద్దరు నవ్వారు. బండి ఆయన "నా ఫోన్‌లో కూడా అట్టాంటివే వస్తా ఉండాయి రోజమ్మా, నేనెవురికీ చెప్పలా" అన్నాడు. దాంతో ఇంకొంతమంది నోళ్లు తెరుచుకున్నాయి. ఆ మధ్యాహ్నం ఆమె అయిదారు ఫోన్లు చూసింది. దాదాపు అన్నిట్లోనూ ఏదో సైటుకు 'అలౌ' అని ఉంది, లేదంటే బయటి నుంచి దించుకున్న వీడియో యాప్ ఉంది.

పిల్లలు ఒక్కసారిగా తిరిగి రాలేదు. ముందు ఇద్దరు వచ్చారు, తర్వాత నలుగురు. రోజారమణి కంప్యూటరు తెరను అందరికీ కనబడేలా వాకిలి వైపు తిప్పిపెట్టింది. యెహోషువ ఆ షాపుకు మళ్లీ రాలేదు. పాటలు ఫోన్‌లోనే కొట్టడం నేర్చుకున్నాడని ఫ్లోరా చెప్పింది. కానీ వాటిని ఫ్లోరా పంపిస్తే, ప్రింటు మాత్రం రోజారమణి దగ్గరే తీసుకునేవాళ్లు. రైల్వే గేటు దగ్గర ఎదురుపడితే "బాగుండావా అక్కా" అనేవాడు. అంతకు మించి ఆమె ఆశించలేదు.

వానలు పడ్డాక ఒకరోజు రేవతి ఒక్కతే షాపు గడప దగ్గర నిలబడింది. రోడ్డు అవతల పద్మనాభయ్య, తెల్ల పంచెలో, ఎటో చూస్తున్నాడు.

"నాయన ఫోన్ అక్కా," అంది రేవతి గొంతు తగ్గించి. "ఏవేవో వస్తా ఉండాయి. నిన్న పొలం కాడ కూలోళ్ల ముందర ఎవురో ఫోన్ చేస్తే తీసినాడు, స్క్రీన్ మీద ఏదో బొమ్మ వచ్చింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. నిన్ను అడగమన్నాడు. తను లోపలికి రానన్నాడు."

రోజారమణి ఫోన్ తీసుకుని చూసింది. ఎవరో వాట్సాప్‌లో పంపిన లింకు నొక్కి, వరి ధరలు చెబుతుందని ఒక యాప్ దించుకున్నాడాయన. అది ప్రతి పేజీ మీద తనే ఎక్కి కూర్చునే అనుమతి కూడా సంపాదించుకుంది. ఆ అనుమతి తీసేసి, యాప్ తీసేసి, నోటిఫికేషన్లు కట్టేసి, ఆ లింకును తుడిచేసింది. ఇంత దూరం నుంచి ఆయన ముఖం కనబడుతోంది. ఆ రోజు షాపులో తన ముఖం కూడా అట్లాగే ఉండి ఉంటుంది.

"అయిపోయింది. యాప్ ఏదన్నా కావాలంటే ప్లే స్టోర్‌లోనే తీసుకోమను. అక్కడ కూడా చూసి తీసుకోమను. లింకులు నొక్కొద్దను," అంది. "నీ నర్సింగ్ దరఖాస్తు ఏమైంది?"

"నాయుడుపేటలో పెట్టినాం అక్కా. సీటు వచ్చింది."

"మంచిది తల్లీ."

రేవతి రోడ్డు దాటి ఫోన్ ఇచ్చింది. పద్మనాభయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, జేబులో పెట్టుకుని, కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత రోడ్డు దాటి వచ్చి గడప బయటే ఆగాడు.

"దానంతట అదే వస్తాదమ్మా," అన్నాడు.

"వస్తాదన్నా," అంది రోజారమణి. "కూర్చోండి, టీ తెప్పిస్తాను."

ఆయన కూర్చున్నాడు. రేవతికి హాస్టల్లో చేరడానికి కావలసిన కాగితాలేవో జిరాక్స్ తీయించుకున్నారు. వాళ్లు ఉండగానే రొయ్యల చెరువులున్న ఒకాయన ల్యాప్‌టాప్ సంచితో వచ్చాడు. ఫొటోలు మార్చే ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఫ్రీగా ఎక్కడో దొరుకుతుందట, ఎక్కించి ఇమ్మన్నాడు.

"దొంగది నేను ఎక్కించనన్నా. దాంతోపాటు ఏమేమి వస్తాయో నాకూ తెలియదు, నీకూ తెలియదు. ఊరకే దొరికే మంచివి వేరేవి ఉండాయి, వాటి సొంత సైటు నుంచి దించిస్తాను."

"బజారులో ఇంకో షాపులో చేస్తారంటనే."

"చేయించుకో మరి," అంది రోజారమణి, జిరాక్స్ మిషను మూత దించుతూ.

ఆయన సంచి భుజాన వేసుకుని ఆ షాపు వైపు పోయాడు.